టెక్ సందేహాలు: అలైన్‌మెంట్ సరిగా ఉన్నా ట్రక్కు పక్కకు లాగుతోంది, ఎందుకు?

ప్రశ్న: కూరగాయలు తోలే చిన్న ట్రక్కు మాది. ముందూ వెనకా కమాను కట్టలే (ఒకదానిపై ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు). బ్రేకు వేస్తే ఎడమకు లాగుతోంది, గతుకుల్లో కింద టక్ టక్ మంటోంది. కంప్యూటర్ అలైన్‌మెంట్ రెండుసార్లు చేయించాం. తెర మీద అంకెలన్నీ సరిగానే ఉన్నాయి. యంత్రంలోనే లోపం ఉందా?

జవాబు: యంత్రం అబద్ధం చెప్పలేదు. నిలబడి ఉన్న బండిని కొలిచింది, దాని సంగతే చెప్పింది. మీ లోపం బండి కదిలితేనే బయటపడే రకం. ఆ శబ్దాన్ని బట్టి మొదట ముందు చక్రాల కమాను కళ్లలోని (కట్ట చివర గుండ్రంగా చుట్టిన రంధ్రాల్లోని) రబ్బరు బుష్‌లను, అంటే గొట్టం లాంటి రబ్బరు తొడుగులను, అనుమానించాలి. కమాను కట్ట బరువు మోస్తూనే ఇరుసును దాని చోట పట్టి ఉంచుతుంది. ఒక పక్క బుష్ అరిగితే బ్రేకు పడగానే ఆ పక్క ఇరుసు కాస్త వెనక్కి జరుగుతుంది, బండి అటు తిరుగుతుంది. బ్రేకు వదిలితే మళ్లీ యథాస్థానానికి వస్తుంది. ఇక అలైన్‌మెంట్ యంత్రానికి ఏం దొరుకుతుంది?

దీన్ని పట్టుకోవడానికి మీ ఫోను చాలు. చదునైన చోట, కట్ట ఛాసిస్‌కు బిగిసే పిన్ను కనిపించేలా, చక్రం దారికి ఎడంగా ఫోనును నిలబెట్టి స్లో మోషన్ వీడియో పెట్టండి. మీరు దూరంగా జరగండి. డ్రైవరు బండిని అడుగు ముందుకు, అడుగు వెనక్కి కదుపుతూ బ్రేకు వేయాలి. పిన్ను కదలకుండా కమాను కన్ను మాత్రం ఊగుతుంటే బుష్ పోయినట్టే. ఊగకపోతే బ్రేకులు విప్పి చూపించండి.

బుష్‌లు రెండు పక్కలా ఒకేసారి మార్చండి. పిన్నుకు గాడి పడి ఉంటే అదీ మార్చాలి. పాత బుష్‌ను సుత్తితో బాదితే కమాను కన్ను దెబ్బతింటుంది, నొక్కి బయటికి తీసే ప్రెస్ యంత్రంతో తీయించండి. జాకీని నమ్మి బండి కిందికి ఎవరినీ పోనివ్వవద్దు, ఛాసిస్ కింద స్టాండ్లు ఉండి తీరాలి.

అసలు జాగ్రత్త చివరి బిగింపులో ఉంది. రబ్బరు బుష్ లోపలి గొట్టం బోల్టుతో బిగిసిపోతుంది. కట్ట ఊగినప్పుడు మధ్యలో రబ్బరే మెలిపడుతుంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా నట్లు బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, త్వరగా చిరుగుతుంది. కాబట్టి బండి నేల మీదికి దిగి, బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తి బిగువు ఇవ్వాలి. ఈ పని జరిగేటప్పుడు దగ్గరుండి చూడండి. మామూలు గ్రీజు పూయనివ్వవద్దు: ఇత్తడి బుష్‌లకు అది ప్రాణం, రబ్బరును మాత్రం ఉబ్బించి పాడుచేస్తుంది.

అలైన్‌మెంట్ ఇవన్నీ అయ్యాకే చేయించండి. కట్టను ఇరుసుకు బిగించే యు-బోల్టులు విప్పి ఉంటే కొత్తవి వేయించి, కొన్ని ట్రిప్పులు తిరిగాక బిగువు మరోసారి చూపించండి.