నీ పట్టిక 100 దగ్గర ఆగింది

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసమూ, దానికి తోడుగా మూడు ప్రశ్నలతో రాసిన ఉత్తరమూ అందాయి. వాక్యం నడపడం నీకు వచ్చు. తర్వాత మరచిపోతానేమోనని ఆ మాట ముందే అనేస్తున్నాను. అయితే వచ్చిన రోజునే బదులు రాయడానికి కూర్చోబెట్టింది ఏడో పేజీలోని ఒక్క వాక్యం: “ఏ సంఖ్యకైనా జనకులు ఇద్దరికి మించి ఉండరు.” బైనరీలో, అంటే 0, 1 అంకెలతోనే రాసిన సంఖ్యకు దానిలోని ఒకట్ల లెక్కను కలిపితే వచ్చే సంఖ్యకు ఆ మొదటిది జనకుడు. నీ వాక్యానికి సాక్ష్యంగా 1 నుంచి 100 వరకు కంప్యూటర్ వేసి ఇచ్చిన పట్టికను అతికించావు. ఇంకొక్క 29 మెట్లు ఎక్కి ఉంటే ఆ వాక్యాన్ని నీ చేతులతో నీవే కొట్టేసి ఉండేవాడివి.

నాకొక మొండి పట్టుదల ఉంది: చేత్తో వేయని లెక్క గురించి కలం పట్టకూడదు. సంఖ్యను బైనరీలో రాసి, అందులో ఎన్ని ఒకట్లున్నాయో లెక్కపెట్టి, ఆ లెక్కను సంఖ్యకే కలపడం, వచ్చిన దానితో మళ్లీ అదే పని చేయడం, ఈ వరుసల్లో ఉన్న పని అంతే. 1 నుంచి బయలుదేరితే 2, 3, 5, 7, 10, 12, 14, 17, 19, 22 అని నడుస్తుంది. నీవూ ఈ వరుసను ఇచ్చావు గాని, కాగితం మీద నడిచి చూశావా? నడిచి ఉంటే 5 దగ్గర ఆగేవాడివి. 3 అంటే 11, రెండు ఒకట్లు, కలిపితే 5. 4 అంటే 100, ఒకే ఒకటి, కలిపితే అదీ 5. పక్కపక్కనే ఉన్న రెండు సంఖ్యల్లో చిన్నది పెద్ద అడుగు వేసి పెద్దదాన్ని అందుకుంది. దీనికి కారణం 4 రెండు ఘాతం, అంటే రెండ్లనే గుణించగా వచ్చే సంఖ్య, కావడం. దాని ముందు ఒకట్లు గుమిగూడతాయి, దాన్ని దాటగానే అన్నీ సున్నాలై ఒక్కటే మిగులుతుంది. ఇంత గమనించిన వాడు అలాంటి పెద్ద ఘాతాల దగ్గరకు పరుగెత్తకుండా ఉండగలడా? 128 దగ్గర ఏమవుతుందో చూడు. 128 లో ఒకటే ఒకటి, కలిపితే 129. 124 అంటే 1111100, అయిదు ఒకట్లు, 129. 123 అంటే 1111011, ఆరు ఒకట్లు, మళ్లీ 129. మూడు దారులు.

ఈ మూడు దారుల మాట 1980ల మొదట్లో నేనూ ఒక వారపత్రికకు రాశాను. అచ్చు కూర్పు చేత్తో జరిగే రోజులవి. బైనరీ పట్టిక కూర్చేసరికి టైపు కేసులో 1 అంకెల గడి ఖాళీ అయిపోయిందట. సంపాదకుడు నన్ను పిలిపించి, పట్టికను సగానికి కోసి “మొదలగునవి” అని పెట్టేశానని సంతోషంగా చెప్పాడు. ఆ కోతలో పోయిన సగంలోనే 123, 124 ఉన్నాయి. ఆ “మొదలగునవి” నాకు ఈనాటికీ జీర్ణం కాలేదు. బయటికి వస్తుంటే కంపోజిటరు వెనకే వచ్చి, “ఆ రెండూ ఒకే చోటికి పోతున్నాయేమండీ?” అని అడిగాడు. టైపును తిరగేసి చదవడం అలవాటైన మనిషి. అందుకే ఇంకో మాట కూడా అన్నాడు, ఎటునుంచి చదివినా ఒకట్ల లెక్క మారదు కదా అని. ఆ వ్యాసాన్ని నిజంగా చదివినవాడు నాకు తెలిసి ఆయనొక్కడే. ఒక్కొక్క అంకెనూ వేళ్లతో ఎత్తి పేర్చాడు గనుక చదివాడు.

నీ వ్యాసం శీర్షికలోని “వింత సంఖ్యలు” అన్న మాట తీసేయి. సంపాదకులు ఇష్టపడతారనే పెట్టి ఉంటావు, నిజమే, ఇష్టపడతారు. గణితమంటే గారడీ అయితేనే అచ్చు వేస్తామనే ఫ్యాషన్ నా యవ్వనంలోనూ ఉంది. నాసిక్ దగ్గరి దేవ్‌లాలీలో 1930 నుంచి 1962 వరకు బడిపంతులుగా పనిచేసిన కప్రేకర్ ఈ సంఖ్యలకు జనకుడు, స్వయంభువు, జంక్షన్ అని పేర్లు పెట్టాడు. దశాంశ పద్ధతిలో అయితే సంఖ్యకు దాని అంకెల మొత్తాన్ని కలపాలి; అలా 91 నుంచీ 100 నుంచీ వచ్చి కలిసే 101 ఒక జంక్షన్. స్వయంభూ సంఖ్యల మీద పుస్తకాన్ని 1963లో సొంతంగా అచ్చు వేసుకున్నాడు. అమెరికాలోని ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో గణిత శీర్షిక నడిపిన మార్టిన్ గార్డ్‌నర్ 1975 మార్చి సంచికలో రాశాకే ఆయన పేరు దేశాలు దాటింది. ఆ పేర్లలో గారడీ ఏమైనా కనిపించిందా? బైనరీలో 1, 4, 6, 13, 15, 18 స్వయంభువులు. వాటికి వెనక ఎవరూ లేరు. ఆ మాట ఇంత మామూలుగా చెప్తే చాలు.

ఇక నీ సూత్రానికి చివరి దెబ్బ. 136 రెండ్లను గుణించి, దానికి 6 కలుపు. 41 అంకెల సంఖ్య వస్తుంది. ఒక్కొక్క సంఖ్యనూ పరీక్షిస్తూ పోయే నీ కంప్యూటర్ అక్కడికి ఎన్నటికీ చేరదు, కాని పెన్సిల్ చేరుతుంది. 136 రెండ్ల ఘాతం కన్నా పెద్ద సంఖ్యల నుంచి వచ్చే దారులు రెండు, ఎందుకంటే 6 లోంచి ఘాతపు ఒకటిని తీసేస్తే మిగిలేది 5, దానికి ఇద్దరు జనకులు. ఘాతం కన్నా చిన్న సంఖ్యల నుంచి వచ్చే దారులు మూడు. ఘాతానికి ఒకటి తక్కువైన సంఖ్యలో 136 ఒకట్లు ఉంటాయి; అక్కడి నుంచి ఎంత వెనక్కి జరిగితే, ఆ దూరంలోని ఒకట్లన్నీ లెక్కలోంచి పోతాయి. ఆ దూరమూ, పోయిన ఒకట్లూ కలిసి 136 లోంచి 7 తీసేసినంత, అంటే 129 కావాలి, దానికి ముగ్గురు. మొత్తం అయిదుగురు జనకులు. చిన్న జంక్షన్లే పెద్ద జంక్షన్‌ను కట్టాయి. నీ వ్యాసం ఇక్కడ మొదలు కావలసింది.

4102 కూ ఇలాగే నలుగురు ఉన్నారు. ఆ నలుగురినీ పెన్సిల్‌తో పట్టుకుని, కొట్టివేతలు కూడా చెరపకుండా ఆ కాగితాన్నే పంపు. నీ మూడో ప్రశ్న పత్రికల పారితోషికం గురించి అనుకుంటాను. ఉత్తరం ఎక్కడ పెట్టానో కనిపించడం లేదు.

శుభాశీస్సులతో,
నీ పెద్దవాడు