డయాలసిస్ పాఠాలు చెప్పబోయే శిష్యురాలికి

అమ్మా, ఆశీస్సులు.

శ్రీకాకుళం జిల్లాలో కొత్తగా చేరిన జూనియర్ డాక్టర్లకు డయాలసిస్ పాఠాలు నీవే చెప్పబోతున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతపు రోగులు వచ్చే వార్డు కనుక ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. మొదటి పాఠాన్ని మెషిన్ దగ్గర కాక, రోగి చేతి దగ్గర మొదలుపెట్టు.

డయాలసిస్ కోసం చేతిలో ధమనిని, సిరను కలిపి కుట్టిన ఫిస్టులా మీద వేళ్లు ఆనిస్తే సన్నని కంపనం తగులుతుంది, స్టెతస్కోప్ పెడితే హోరు వినిపిస్తుంది. ప్రతి ఒక్కరి చేతా కనీసం పదిమంది రోగుల చేతులు పట్టి చూపించు. కంపనం ఆగిందంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చునని, ఆ చేతికి బీపీ పట్టీ కట్టకూడదని, మామూలు పరీక్షలకు అక్కడ రక్తం తీయకూడదని అప్పుడే చెప్పు.

రక్తాన్ని వడకట్టే డయలైజర్ పనితీరుకు ఒక లెక్క చాలు. రక్తానికి ఎదురుదిశలో డయాలసేట్ అనే శుద్ధి ద్రవం నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున 4 గంటలు పారితే ఎంత అవుతుందో వారినే గుణించమను. 120 లీటర్లని తేలగానే, ఆ ద్రవానికి కావలసిన నీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ గదికి తీసుకువెళ్లు. ఆ నీటికీ రోగి రక్తానికీ మధ్య పలుచని పొర మాత్రమే ఉంటుందని అక్కడే చెబితే, నీటి పరీక్షల రిజిస్టర్ ఎందుకో వేరే వివరించనక్కరలేదు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం డ్రై వెయిట్‌కు, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువుకు, కేటాయించు. నా తొలి రోజుల్లో, 45 కిలోల రైతుకు రిజిస్టర్‌లోని మూడు నెలల నాటి అంకెను నమ్మి, 4 గంటల్లో 4 లీటర్ల నీరు తీయించాను. ఆ మూడు నెలల్లో ఆయన తిండి కుదుటపడి ఒంటికి కండ పట్టింది. పెరిగిన బరువంతా నీరేనని నేను పొరబడ్డాను. మూడో గంటలో పిక్కలు పట్టేసి, ఆయన మంచం కమ్మీని గట్టిగా పట్టుకున్నారు, బీపీ పడిపోయింది. నీరు తీయడం ఆపి, కాళ్లు ఎత్తిపెట్టి, సలైన్ ఎక్కించాక తేరుకున్నారు. గంటకు కిలోకు 13 మిల్లీలీటర్లు మించరాదన్న లెక్క వేసి ఉంటే 2.3 లీటర్ల దగ్గరే ఆగేవాడిని. పాదాల వాపు, మెడ సిరలు, ఊపిరితిత్తుల చప్పుడు చూడకుండా ఆ అంకెను ఎవరినీ రాయనివ్వకు.

ఆ ప్రాంతం కొబ్బరితోటల నేల. గత రెండు రోజుల్లో బొండాం నీళ్లు తాగారా అని రోగిని మెత్తగా అడగడం నేర్పు, ఎందుకంటే వాటిలోని పొటాషియం గుండె లయనే తప్పించగలదు. కోప్పడితే మాత్రం, తాగినా తాగలేదనే చెబుతారమ్మా.

ఆశీస్సులతో,
నీ గురువు