అమ్మడూ, పూల్లో దిగే ముందు ఇది చదువు

అమ్మడూ,

నువ్వు ఈత నేర్చుకుంటున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాడు. వాడికి ఒకటే టెన్షన్. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి. 2004 కృష్ణా పుష్కరాల్లో మోకాలి లోతు నీళ్లలో కూడా నా కొంగు వదలని పిల్లవి నువ్వు, ఇవాళ ఎవరూ చెప్పకుండా నీ అంతట నువ్వే ఫీజు కట్టి చేరావంటే ఎంత సంతోషంగా ఉందో ఎలా చెప్పను?

మునిగిపోతావేమోనని మీ నాన్న భయం. కోచ్ ఉంటాడు, లోతు లేని చోట మొదలుపెడతారు, దాని గురించి నేనేమీ చెప్పను. నా భయమల్లా ఆ నీళ్లలో వేసే మందు గురించే. చెన్నైలో, ఓఎంఆర్ రోడ్డులోని మీ అపార్ట్‌మెంట్ పూల్లోనే నేర్చుకుంటున్నావట కదా, అక్కడ క్లోరిన్ వేసేదెవరు, ఏ టైముకి వేస్తారు, ఎప్పుడైనా అడిగావా?

ఎందుకు అడుగుతున్నానో చెప్తా విను. 2003 వేసవిలో మా అమ్మాయికి, అదే మీ వదినకి, పదకొండేళ్లు. వేళచ్చేరిలో ఇంటి దగ్గర ఒక పూల్లో చేర్పించాను. అక్కడి మనిషి పొద్దున్నే బ్లీచింగ్ పౌడర్ బక్కెట్లో కలపకుండా గుప్పిళ్లతో అలాగే చల్లేసేవాడు, అది కరక్కుండా అడుక్కి దిగి మెట్ల మీద తెల్లగా పేరుకునేది. అరగంటకల్లా పిల్లల్ని దింపేవాళ్లు. ఘాటైన వాసన వస్తుంటే నీళ్లు ఎంత శుభ్రంగా ఉన్నాయో అనుకునేదాన్ని. ఒక రోజు మీ వదిన మెట్ల మీద కూర్చుని కాళ్లాడిస్తూ, "అమ్మా, మండుతోంది, వచ్చేస్తా" అంది. ఫీజు కట్టానే, ఇంకా ఇరవై నిమిషాలుందే అని, "ఓర్చుకో, అలవాటవుతుంది" అన్నాను. రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అదే మాట అన్నాను.

ఇంటికొచ్చి చూస్తే తొడల వెనక అరచేయంత మేర ఎర్రగా కమిలిపోయింది. చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఇది అలర్జీ కాదమ్మా, రసాయనం తగిలి వచ్చిన మంట, అప్పుడే పైకొచ్చి మంచినీళ్లతో బాగా కడిగి ఉంటే ఇంత అయ్యేది కాదు అన్నారు. ఆ మచ్చలు వారంలో పోయాయి. కానీ ఈత దుస్తుల సంగతి నేను పట్టించుకోలేదు. నీలం రంగుది, కూర్చునే చోట గోధుమరంగు మరకలు పడ్డాయి. మరకలే కదా అనుకుని వేడినీళ్లలో సర్ఫ్ వేసి నానబెట్టి, మండు వేసవి ఎండలో డాబా మీద ఆరేశాను. అసలే క్లోరిన్ తిన్న లైక్రా, అదే సాగే దారం, దానికి నేను వేడి కూడా తోడు చేశాను. నెల తర్వాత స్కూల్ పోటీల్లో అందరి ముందు నీళ్లలోంచి పైకొస్తే వెనక బట్ట ఉల్లిపొరలా పలచబడి ఒళ్లు కనిపిస్తోంది. నేను తువ్వాలుతో పరిగెత్తేలోపే అది చూసుకుంది. ఇంటికొచ్చాక ఆ బట్ట పట్టుకుని లాగి చూశాను, లోపలి పోగులు పటపటమన్నాయి, సాగింది సాగినట్టే ఉండిపోయింది.

అది మళ్లీ పూల్లో దిగలేదమ్మా. పిల్ల ఒళ్లు చెప్పిన మాట వినకుండా ఫీజు లెక్క చూసుకున్నాను నేను.

ఇక నీ సంగతి. ఆ ఘాటు వాసన శుభ్రానికి గుర్తు కాదని తర్వాత తెలుసుకున్నాను. చెమట, ఉచ్చ క్లోరిన్‌తో కలిస్తే పుట్టే క్లోరమిన్ల వాసన అది, కళ్లు మండేదీ ఎక్కువగా దాని వల్లే. అందుకే దిగే ముందు ఒక నిమిషం షవర్ కింద నిలబడు. తలకి నూనె పెట్టుకుని మాత్రం దిగకు, నీళ్లు పాడవుతాయి, ఉన్న క్లోరిన్ కూడా దానికే ఖర్చవుతుంది. లీటరు నీళ్లకి క్లోరిన్ 1 నుంచి 3 మిల్లీగ్రాములు, పీహెచ్, అంటే నీళ్లలో ఆమ్లం, క్షారం ఎంతున్నాయో చెప్పే కొలత, 7.2 నుంచి 7.8 మధ్య ఉంటే చాలు. సీసాలో పూల్ నీళ్లు పట్టి కొన్ని చుక్కల మందు వేసి చూసే కిట్ దొరుకుతుంది. లేత పసుపు వస్తే ఫర్వాలేదు, నారింజ రంగుకి తిరిగిందా, ఆ రోజు ఈత మానెయ్. మొహమాటపడకుండా మెయింటెనెన్స్ వాళ్లని అడుగు, మందు రాత్రిపూట నీళ్లలో కలిపి వేసి మోటారు తిప్పమను. ఎండకి క్లోరిన్ ఎలాగూ విరిగిపోతుంది, పొద్దున పిల్లలు దిగే ముందు వేసే పని పెట్టుకోవద్దని చెప్పు.

పైకొచ్చాక సబ్బుతో స్నానం చేసి, ఒళ్లు తడి ఆరకముందే కొబ్బరినూనె రాసుకో. చిన్నప్పుడు నీకు మోచేతి మడతల్లో తామర, అదే ఎగ్జిమా, ఉండేది, గుర్తుందా? అక్కడ ముందే పొడిబారుతుంది, చూసుకుంటూ ఉండు. ఈత దుస్తులు వెంటనే కుళాయి నీళ్లలో జాడించి, పిండకుండా నీడలో ఆరెయ్. మెషీన్లో వెయ్యకు, వేడినీళ్లు వద్దు. కొనేటప్పుడు లైక్రా ఎక్కువున్నది కాకుండా పాలిస్టర్, పీబీటీ (అదీ ఒక రకం పాలిస్టరే) కలిసింది తీసుకో, క్లోరిన్‌కి చాలా కాలం ఆగుతుంది. వారానికోసారి వెలుతురుకి పట్టి చూడు. వెలుతురు కనిపిస్తే ఇక దాన్ని తొడగొద్దు, ఎంత పెట్టి కొన్నా సరే.

నీకు మండితే కోచ్ ఏమన్నా, పక్కవాళ్లు ఏమనుకున్నా వెంటనే పైకొచ్చెయ్, నా మాట విను.

శనివారం పొద్దున ఆరింటికి నేనే వస్తున్నా. ఆ చుక్కల కిట్, పాలిస్టర్ ఈత దుస్తులు రెండు జతలు తెస్తున్నాను, నీ సైజు మీ అమ్మని అడిగి తెలుసుకున్నా. పెసరట్టు పిండి కూడా తెస్తా, ఈత అయ్యాక వేసుకుందాం. నేను గట్టు మీద తువ్వాలు పట్టుకుని కూర్చుంటాను.

మీ అత్తయ్య