పాత తేదీ కాగితం మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: మాది కోనసీమ, ఉప్పలగుప్తం మండలం. ఫిషరీస్ డిగ్రీ చదివాను. 2019 నుంచి ఒక రొయ్యల మేత కంపెనీలో ఫీల్డ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. నెలకు 70 వేలు, కన్సల్టెన్సీ ఫీజు అని రాసి 10 శాతం టీడీఎస్ పట్టుకుని ఇచ్చేవారు. మా ఆడిటరు సొంత వృత్తి చేసేవాళ్ళకు వర్తించే 44ఏడీఏ సెక్షన్ కింద అందులో సగమే ఆదాయంగా చూపించి, టీడీఎస్ మొత్తం రిఫండ్ తెప్పించాడు. ఈమధ్య ఆదాయపు పన్ను అధికారులు కంపెనీలో సర్వే చేశారు. టెక్నీషియన్లంతా ఉద్యోగులే, మాకు ఇచ్చింది జీతమే అంటున్నారు. 2026 ఫిబ్రవరిలో, పాత రిటర్నును మళ్ళీ ఎందుకు తెరవకూడదో చెప్పమంటూ నాకు 148ఎ నోటీసులు రెండు వచ్చాయి. ఒకటి 2021-22 అసెస్‌మెంట్ సంవత్సరానికి (అంటే 2020-21లో వచ్చిన ఆదాయానికి), ఇంకొకటి 2022-23కి. వైరస్ వచ్చి చెరువులు పోతున్న రోజుల్లో రాత్రిళ్ళు గట్ల మీదే పడుకుని పనిచేశాను. అడిగినా సెలవు ఇచ్చేవారు కాదు, ఆ వాట్సాప్ మెసేజ్‌లు పంపుతున్నాను చూడండి. ఆదివారాలు అల్లవరం, కాట్రేనికోన వైపు కొందరు రైతుల చెరువులు సొంతంగా చూసేవాణ్ణి, ఏడాదికి లక్షన్నర, రెండు లక్షలు వచ్చేవి. అవి రిటర్నులో వెయ్యలేదు. అమ్మాయి ఇంజనీరింగు ఫీజు కట్టాలి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. లండన్‌లో ఉన్న మా తోడల్లుడు 20 ఏళ్ళు వెనక్కి వెళ్తారంటున్నాడు. కంపెనీ వాళ్ళేమో 2020 జూన్ తేదీతో కన్సల్టెన్సీ అగ్రిమెంటు పంపి, సంతకం పెడితే అంతా సర్దుకుంటుందంటున్నారు. పెట్టమంటారా?
— పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: పెట్టకండి. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు గడువు చూద్దాం, ఎందుకంటే మీకు వచ్చిన రెండు నోటీసుల్లో ఒకటి కాలం చెల్లినది.

మీ తోడల్లుడు చెప్పింది బ్రిటన్ చట్టం. అక్కడ కాంట్రాక్టరు ముసుగులో ఉద్యోగం చేసేవాళ్ళ కోసం 2000 నుంచి ఐఆర్35 అనే నిబంధనలు ఉన్నాయి. పన్ను శాఖ మామూలుగా 4 ఏళ్ళు, అజాగ్రత్త ఉంటే 6, కావాలని దాస్తే 20 ఏళ్ళు వెనక్కి వెళ్ళగలదు. మన దగ్గర లెక్క వేరు. ఆదాయపు పన్ను చట్టం 149 సెక్షన్ ప్రకారం, అసెస్‌మెంట్ సంవత్సరం ముగిసిన 3 ఏళ్ళు దాటాక 148ఎ నోటీసు ఇవ్వకూడదు. ఆ ఏడాది తప్పిపోయిన ఆదాయం 50 లక్షలో అంతకు మించో ఉంటేనే 5 ఏళ్ళ దాకా వెళ్ళొచ్చు. మీకు కంపెనీ నుంచి ఏడాదికి వచ్చింది 8 లక్షల 40 వేలు, రైతుల డబ్బు కలిపినా 50 లక్షల దరిదాపుల్లోకి రాదు. కాబట్టి 2021-22 సంవత్సరానికి గడువు 2025 మార్చి 31తోనే అయిపోయింది. ఆ నోటీసుకు జవాబులో మొదటి వాక్యమే ఈ అభ్యంతరం కావాలి. అది రాయకుండా నా కష్టం, నా కుటుంబం అని నాలుగు పేజీలు రాస్తే, గెలిచే పాయింటు అడుగున పడిపోతుంది. అభ్యంతరం తోసిపుచ్చి ముందుకెళితే అమరావతిలో హైకోర్టు ఉంది, రిట్ వేయవచ్చు. 2022-23 నోటీసు మాత్రం గడువులోనే వచ్చింది. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చినా పాత సంవత్సరాలకు పాత చట్టమే నడుస్తుంది, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇక ఆ ఒక్క ఏడాది కేసు దేనిమీద తేలుతుంది? కన్సల్టెన్సీ అని రాయడం మీద కాదు, టీడీఎస్ ఏ సెక్షన్ కింద పట్టారన్న దానిమీద కూడా కాదు. మీరు పని ఎప్పుడు, ఎలా చెయ్యాలో ఎవరు చెప్పారన్నది అసలు ప్రశ్న. 1956లో ధరంగధ్ర కెమికల్ వర్క్స్ కేసు నుంచి సుప్రీంకోర్టు ఈ అజమాయిషీ సంగతే చూస్తూ వచ్చింది. ఏ ఒక్క పరీక్షతోనూ తేల్చకుండా అన్ని అంశాలూ కలిపి తూచాలని 2020లో ఒక డాక్టరు కేసులో మళ్ళీ చెప్పింది. పీఎఫ్ లేకపోవడం, పరికరాలు మీ సొంతం కావడం, వేరేవాళ్ళకు పనిచేసే స్వేచ్ఛ, ఇవన్నీ తూకంలో పడతాయి.

ఇప్పుడు మీరు పంపిన మెసేజ్ చూడండి. "సార్, రేపు మా అత్తగారి సంవత్సరీకం, ఒక్కరోజు సెలవు ఇప్పించండి" అని మీరు. "చెక్‌ట్రేలు చూసి ఫోటోలు పెట్టి వెళ్ళు, మధ్యాహ్నానికల్లా వచ్చెయ్యి" అని మేనేజరు (చెక్‌ట్రే అంటే రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్ళెం). కంపెనీ ఎంత కఠినమో నాకు చూపించడానికి మీరు ఇది పంపారు. అధికారి దీన్ని చదివితే, మీరు ఉద్యోగి అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదంటాడు. సెలవు అడుక్కునేవాడు కన్సల్టెంట్ ఎలా అవుతాడు? అలాగని వాటిని చెరిపేయకండి. మేనేజరు ఫోనులోనూ అవే ఉంటాయి, సర్వేలో వాటి నకళ్ళు తీసుకుని ఉండవచ్చు.

మిమ్మల్ని కాపాడగలిగింది ఒకటే: ఆదివారాలు మీరు చూసిన ఆ రైతుల చెరువులు. ఒకే యజమానికి కట్టుబడి లేనని చూపించే సాక్ష్యం అది. దాన్నే మీరు "రిటర్నులో వెయ్యలేదు" అని ఒక్క ముక్కలో దాటేశారు! చదువుకున్నవారు, నీటిలో ఆక్సిజన్ ఎంతుందో రాత్రి పన్నెండు గంటలకు కొలిచి పుస్తకంలో రాసుకునేవారు, వచ్చిన డబ్బు రాసుకోలేకపోయారా? ఆడిటరు మీద తోసెయ్యడం కుదరదు. రిటర్ను మీ పేరున వెళ్ళింది, రిఫండ్ మీ ఖాతాలో పడింది. ఆ రైతుల సంగతి చెబితే ఆదాయం దాచారన్న మాట వస్తుంది, చెప్పకపోతే ఉద్యోగి అన్న ముద్ర పడుతుంది. రెండు పడవల మీద కాళ్ళు వేయలేరు. నేనైతే చెప్పమంటాను. బ్యాంకు, ఫోన్‌పే స్టేట్‌మెంట్లు తీసి, ఆ ఏడాది ఏ రైతు ఎంత పంపాడో తేదీలతో రాయండి. ఆ రైతుల దగ్గర ఉన్న చెరువు రికార్డు పుస్తకాల్లో మీ చేతిరాత ఉంటే ఫోటో తీయించండి. పరికరాలు కొన్న బిల్లులూ, డిగ్రీ పట్టా జతచేయండి.

ఇక ఆ అగ్రిమెంటు. మీరు పంపిన కాపీ మొదటి పేరాలోనే మీ చిరునామా "కోనసీమ జిల్లా" అని ఉంది. కోనసీమ జిల్లా పుట్టింది 2022 ఏప్రిల్ 4న. 2020 జూన్‌లో మీరు తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నారు. ఈ తప్పు దిద్ది మళ్ళీ పంపుతామంటారేమో. దిద్దినా అది తప్పుడు సాక్ష్యం సృష్టించడమే. ఆదాయపు పన్ను అధికారి ముందు జరిగేది న్యాయ విచారణతో సమానమని 136 సెక్షన్ చెబుతోంది. అక్కడ అబద్ధపు కాగితం పెడితే భారతీయ న్యాయ సంహిత 229 కింద 7 ఏళ్ళ దాకా జైలు, ఆదాయపు పన్ను చట్టం 277 కింద వేరే కేసు. పైగా ఆ కాగితం మీకోసం కాదు. మీరు ఉద్యోగి అని తేలితే జీతానికి టీడీఎస్ సరిగ్గా పట్టనందుకు జవాబు చెప్పాల్సింది కంపెనీ. వాళ్ళ గొడవకు మీ సంతకం వాడుకుంటున్నారు. నిజంగా సాయం చేయాలనుంటే, మీరు ఏ షరతుల మీద పనిచేశారో, బయట చెరువులు చూడటం వాళ్ళకు తెలుసో లేదో, ఇవాళ్టి తేదీ వేసి ఉన్నదున్నట్టు ఉత్తరం ఇమ్మనండి.

డబ్బు లెక్క కూడా చూసుకోండి. 8.40 లక్షలూ జీతమే అనుకుంటే 50 వేలు స్టాండర్డ్ డిడక్షన్ పోగా 7.90 లక్షలు. వేరే మినహాయింపులు లేకపోతే పాత విధానంలో సెస్సుతో కలిపి పన్ను 73,320 రూపాయలు. ఎల్ఐసీ, అమ్మాయి ట్యూషన్ ఫీజు రసీదులుంటే ఇంకా తగ్గుతుంది. వచ్చిన రిఫండులో అంత వెనక్కి కట్టాలి, దానిమీద నెలకు అరశాతం వడ్డీ. రైతుల దగ్గర వచ్చినదాని మీద పన్ను దీనికి అదనం. ఆదాయం తక్కువ చూపినందుకు పెనాల్టీ ఆ పన్నులో 50 శాతం. ఆర్డరు వచ్చాక అప్పీలుకు వెళ్ళకుండా పన్ను, వడ్డీ గడువులో కట్టేసి, ఆర్డరు అందిన నెల ముగిశాక ఒక నెలలోపు ఫారం 68 పెడితే 270ఏఏ కింద ఆ పెనాల్టీ మాఫీ అవుతుంది. కానీ కావాలని తప్పుగా చూపారని తేలితే పెనాల్టీ 200 శాతం. పాత తేదీ కాగితం మిమ్మల్ని తీసుకెళ్ళేది అక్కడికే.

రైతుల సాక్ష్యం గట్టిగా దొరికితే 44ఏడీఏ మీద నిలబడి పోరాడండి. రెండు మూడు ఫోన్‌పే ఎంట్రీలు తప్ప ఏమీ దొరక్కపోతే జీతమని ఒప్పుకుని 270ఏఏ దారి పట్టండి. ఏ దారైనా, అధికారి దగ్గర ఉన్న సమాచారం నోటీసుతోపాటే ఇవ్వాలి. అందకపోతే పోర్టల్లోనే రాసి అడగండి, జవాబుకు వాయిదా కూడా అక్కడే కోరండి. నోటీసులో రాసిన తేదీ దాటనివ్వకండి.

2023-24 నుంచి ఇటు సంవత్సరాలకు నోటీసు ఇంకా రాలేదు కాబట్టి వాటిని అప్‌డేటెడ్ రిటర్నుతో మీరే సరిచేసుకోవచ్చు. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక 48 నెలల దాకా వీలుంది, ఆలస్యమయ్యే కొద్దీ అదనపు పన్ను 25 నుంచి 70 శాతం దాకా పెరుగుతుంది. ఈసారి రైతుల డబ్బు కూడా వేసి, వేరే ఆడిటరు చేత చేయించండి.