గుట్టలెక్కే అమ్మాయికి జీతం ఎక్కడ?

ఉప్పల్ నుంచి ఒక తండ్రి రాశారు. కూతురు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, ఆదివారం వస్తే చాలు ఖాజాగూడ గుట్టల మీదే ఉంటోందట, ఇప్పుడేమో ఇంజినీరింగ్ వద్దు క్లైంబింగే కావాలని కూర్చుందట. "దీనికి సపోర్ట్ చేసే సంస్థలు నిజంగా ఉన్నాయా, రేపు బతుకుతెరువు దొరుకుతుందా?" అని అడిగారు.

సంస్థలున్నాయి సార్, కాకపోతే ఒక్కోదాని పని ఒక్కోటి. గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ లాంటివి వాలంటీర్లు నడిపేవి, అక్కడ తోడు దొరుకుతుంది, అనుభవమున్నవాళ్ల పక్కన నేర్చుకోవచ్చు, అంతవరకే. ఈ గుట్టలు అపార్ట్‌మెంట్ల కింద పోకుండా 1996 నుంచి పోరాడుతున్న సొసైటీ టు సేవ్ రాక్స్ కూడా మన ఊళ్లోదే, వాళ్లు పెట్టే రాక్ వాక్‌కి, అంటే గుట్టల మధ్య నడకకి, మీరూ ఒకసారి వెళ్లండి, పిల్ల పిచ్చి ఏంటో కాస్త అర్థమవుతుంది. కొంచెం దూరంలో భువనగిరి ఉంది. 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్, ఇద్దరూ మొదట తాడు పట్టింది ఆ కొండ మీదే. ఇద్దరూ గురుకుల పిల్లలు. డబ్బున్నవాళ్ల ఆట అనే మాట నా దగ్గర చెల్లదు.

సర్టిఫికెట్ కావాలంటే మాత్రం హైదరాబాద్ దాటాలి. ఉత్తరకాశీలో నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్, డార్జిలింగ్‌లో 1954లో పెట్టిన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, మనాలీలో ఇంకోటి, మూడూ పర్వతారోహణ నేర్పేవే. దాదాపు నాలుగు వారాల బేసిక్ కోర్సు, ప్రభుత్వ సంస్థలు కాబట్టి ఫీజు ప్రైవేటు ట్రెక్కుల ముందు తక్కువే. అక్కడ 'ఎ' గ్రేడ్ (A) వస్తేనే అడ్వాన్స్‌డ్ కోర్సుకి పంపుతారు, ఆ తర్వాత ట్రైనర్ కావాలనుకునేవాళ్లకి మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్ ఉంటుంది. సీట్లు చాలా ముందే నిండిపోతాయి, ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) రాశాక చూద్దాం అనుకుంటే ఆ ఏడాదికి పోయినట్టే. డాక్టర్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడుగుతారు, మైనర్ అయితే మీ సంతకం కూడా.

పోటీల దారి వేరు. ఢిల్లీలోని ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్ జోనల్, నేషనల్ స్పోర్ట్ క్లైంబింగ్ పోటీలు పెడుతుంది, మనం సౌత్ జోన్. టోక్యో నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న ఆట ఇది, 2028 లాస్ ఏంజెలెస్‌లో లీడ్ (తాడుతో ఎంత ఎత్తుకి ఎక్కారన్నది), బౌల్డర్ (తాడు లేకుండా చిన్న గోడ మీద), స్పీడ్ (ఎవరు ముందు పైకి చేరారన్నది) మూడింటికీ విడివిడిగా మెడల్స్. అయితే ఇది కట్టిన గోడ మీద ఆడే ఆట. ఖాజాగూడలో రాయి మీద ఎంత బాగా ఎక్కినా, వారంలో నాలుగు రోజులు వాల్ మీద ప్రాక్టీస్ లేకపోతే పోటీలో నిలవడం కష్టం.

ఇక జీతం సంగతి. ట్రైనర్లు, రూట్ సెట్టర్లు (గోడ మీద పట్టులు బిగించి దారి తయారుచేసేవాళ్లు), స్కూలు క్యాంపులు నడిపేవాళ్లు ఉన్నారు, కానీ ఆదాయం సీజన్‌ని బట్టే. తల్లిదండ్రులకి అసలు తెలియనిది రోప్ యాక్సెస్, అంటే తాడుకి వేలాడుతూ ఎత్తులో చేసే పని. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అద్దాల టవర్లకి వేలాడుతూ పనిచేసేవాళ్లని చూసే ఉంటారు. అదే పని గాలిమరల మీద, ఆయిల్ రిగ్గుల మీద శిక్షణ ఉన్నవాళ్లు చేస్తారు. దానికి ఇరాటా అని అంతర్జాతీయ సర్టిఫికెట్ ఉంది, లెవెల్ వన్‌కి 18 ఏళ్లు నిండాలి, లెవెల్ టూకి కనీసం ఏడాది అనుభవం, తాడు మీద 1000 గంటలు చూపించాలి. దీనికి పక్కన మెకానికలో సివిలో డిగ్రీ ఉంటే ఇన్‌స్పెక్షన్ పనికి వెళ్లొచ్చు, అక్కడ డబ్బులు వేరు. అందుకే నేను ఇంజినీరింగ్ మానేయమని చెప్పను, క్లైంబింగ్ మానేయమనీ చెప్పను. ఎన్‌సీసీ ఉన్న కాలేజీ చూసి చేర్చండి, క్యాడెట్లని ఈ ఇన్‌స్టిట్యూట్ల కోర్సులకి పంపుతారు.

ఈ ఆదివారం మీరూ గుట్టకి వెళ్లి, ఎక్కేవాళ్లని కాదు, కింద తాడు పట్టుకున్నవాళ్లని చూడండి. కళ్లు పైనే ఉన్నాయా, ఫోన్‌లో ఉన్నాయా? ఎక్కేముందు ఒకరి హార్నెస్ (నడుముకి కట్టుకునే బెల్టు) బకిల్, తాడుకి వేసిన ఎనిమిది ఆకారం ముడి, కారాబినర్ (తాడు తగిలించే లోహపు కొక్కెం) స్క్రూ ఇంకొకరు చేత్తో పట్టి చూస్తున్నారా? హెల్మెట్లున్నాయా? లేకపోతే ఎంత పేరున్న గ్రూపైనా మాన్పించేయండి, ఇంకోటి వెతుకుదాం. అన్నట్టు వేలకి వేలు పెట్టి షూస్ ఇప్పుడే కొనకండి, క్లైంబింగ్ జిమ్ముల్లో అద్దెకిస్తారు, అమ్మాయి కాలికి ఏ సైజు పడుతుందో ముందు అక్కడ తేల్చుకోండి.