వీసా ఫీజు కోసం తోట రాసిచ్చేస్తారా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా హాలియా. నాకు 54 ఏళ్లు. ఎరువుల దుకాణం, మూడెకరాల బత్తాయి తోట ఉన్నాయి. మా అమ్మాయి న్యూయార్క్‌లో నటనలో మాస్టర్స్ చేసింది. చదువు అయ్యాక ఇచ్చిన ఏడాది పని అనుమతి ఇంకో ఐదు నెలల్లో ముగుస్తుంది. అక్కడే నటిగా కొనసాగాలంటే ఓ-1 వీసా (తమ రంగంలో అసాధారణ ప్రతిభ ఉన్నవారికి ఇచ్చేది) కావాలని, ఫైలు త్వరగా చూడటానికి కట్టే ప్రీమియం రుసుముతో కలిపి 11 వేల డాలర్లు అవుతుందని లాయరు చెప్పారు. తోటి నటులు, స్నేహితులు విరాళాలుగా 2,400 డాలర్లు పోగుచేశారు. మిగతా ఫీజుకు, మూడు నాలుగు నెలల అద్దెకు కలిపి 11 లక్షల రూపాయలు సర్దాలి. ఉన్న 5 లక్షల ఎఫ్‌డీ తీసేసి, మరో 6 లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. అప్పు ఇచ్చే ఆయన తోటను తన పేరున రిజిస్ట్రేషన్ చేయమంటున్నారు, బాకీ తీరాక తిరిగి రాసిస్తారట. ప్రామిసరీ నోటు మీద 50 వేలు అడ్వాన్సుగా ఇప్పటికే తీసుకున్నాను. చదువు అప్పు 38 లక్షలు ఉంది. నెల వాయిదా 47 వేలు, అందులో 30 వేలు అమ్మాయే పంపుతోంది. ఇంటి ఖర్చు 35 వేలు. ఇంట్లో 15 తులాల బంగారం, ఒక పాత ఎల్‌ఐసీ పాలసీ ఉన్నాయి. ఆరోగ్య బీమా లేదు. అమ్మకు 78 ఏళ్లు. ఈ ఒక్క ఖర్చు దాటితే గట్టెక్కుతాం. సలహా ఇవ్వండి.

జవాబు: ‘ఈ ఒక్క ఖర్చు దాటితే’ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. పిల్లలను విదేశాలకు పంపిన తల్లిదండ్రుల ఉత్తరాల్లో ఈ మాట లేని ఉత్తరం అరుదు. మొదట సీటు ఫీజు దాటితే చాలంటారు, తర్వాత మొదటి ఏడాది అద్దె అంటారు, చివరికి వీసా దగ్గరకు వస్తారు. వీసాను ఆఖరి ఖర్చుగా లెక్కవేసి చేతిలో ఉన్నదంతా ఊడ్చి పెట్టేయడమే మీరు చేస్తున్న పొరపాటు. మీ అమ్మాయి ఎంచుకున్న వృత్తిలో, అడుగుతున్న వీసాలో అసలు ఇబ్బంది వీసా చేతికొచ్చాకే మొదలవుతుంది.

ఓ-1 మొదట గరిష్ఠంగా మూడేళ్లకు ఇస్తారు. నటి తనంతట తాను దరఖాస్తు పెట్టుకోవడానికి వీల్లేదు, అమెరికాలోని సంస్థో ఏజెంటో పిటిషన్ వేయాలి. ఆ పిటిషన్‌లో చూపిన పనులే ఆమె చేయాలి. అవకాశాలు లేని నెలల్లో హోటల్లో వడ్డిస్తూనో దుకాణంలో నిలబడో నాలుగు డాలర్లు సంపాదించడం అక్కడి నటులకు మామూలే. ఓ-1 మీద ఉన్నవారికి ఆ దారి మూసుకుపోతుంది. మీ అమ్మాయి ఇప్పుడు పిల్లలకు నాటక తరగతులు చెబుతూ ఆ జీతంలోంచే 30 వేలు పంపుతోందని ఉత్తరంలో మరోచోట రాశారు. పిటిషన్‌లో ఆ పని లేకపోతే వీసా మారిన రోజే ఆ జీతం ఆగుతుంది. అప్పుడు 47 వేల వాయిదా ఎవరు కడతారు? చదువు అప్పు కాగితాల మీద మీ సంతకం కూడా ఉంది కదా.

ఇప్పుడు ఎఫ్‌డీ సంగతి. అమ్మాయి పంపే డబ్బు ఆగితే వాయిదా, ఇంటి ఖర్చు కలిపి నెలకు 82 వేలు మీ మీద పడతాయి. ఆరు నెలలకు 4 లక్షల 92 వేలు. మీ ఎఫ్‌డీ 5 లక్షలు. ఆ డబ్బు మీ కుటుంబానికి ఆరు నెలల ఊపిరి, దాన్ని లాయరు ఫీజుగా మార్చకండి. దుకాణం ఉంది కదా అనుకోవద్దు. ఎరువుల వ్యాపారంలో డబ్బంతా రైతుల దగ్గర అరువుగా తిరుగుతుంటుందని మీకు నేను చెప్పాలా? సాగర్ కాలువకు నీళ్లు రాని ఏడాది మీ వసూళ్లు ఎలా ఉంటాయో మీ ఖాతా పుస్తకమే చెబుతుంది. అమ్మగారికి 78 ఏళ్లు, బీమా లేదు. ఒక్కసారి ఆసుపత్రిలో చేరితే మళ్లీ ఆ రెండు రూపాయల వడ్డీ ఆయన దగ్గరికే వెళతారు. అత్యవసర నిధి గురించి ఈ శీర్షికలో పదే పదే రాస్తున్నానని కొందరు విసుక్కుంటారు. నెలకు 82 వేల బరువున్న ఇంట్లో ఉన్న ఒక్క డిపాజిట్‌నూ తీసేద్దామని ఉత్తరం వస్తే ఇంకేం రాయమంటారు?

ఇక తోట. రిజిస్ట్రేషన్ చేసి ఇస్తే ‘తాకట్టు’ అని మీరిద్దరూ అనుకోవచ్చు, చట్టం దృష్టిలో అది అమ్మకం. మన రాష్ట్రంలో వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్‌తో పాటే తహసీల్దార్ కార్యాలయంలో మ్యుటేషన్ కూడా జరిగిపోతుంది. పాసుబుక్కులో ఆయన పేరు ఎక్కుతుంది, మీ పేరు పోతుంది. దాంతో రైతు భరోసా ఆగుతుంది. అంతకంటే పెద్ద నష్టం, మీకు 59 ఏళ్లు వచ్చేదాకా ఉండే 5 లక్షల రైతు బీమా పోతుంది. ఇంట్లో సంపాదించే మనిషికి ఉన్న కొద్దిపాటి రక్షణనూ అప్పు ఇచ్చేవాడి చేతిలో పెడతారా? రేపు ఆయన పిల్లలు ‘మా నాన్న కొన్న తోట’ అంటే మీ దగ్గర చూపడానికి ఏముంటుంది, నోటిమాట తప్ప?

వడ్డీ లెక్క కూడా చూడండి. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. 6 లక్షలకు నెలకు 12 వేలు, వీసా ఉండే మూడేళ్లకు వడ్డీయే 4 లక్షల 32 వేలు. అసలు అలాగే ఉంటుంది. ఇంత వడ్డీ కట్టి ఏ వీసా కొన్నా దండగే.

అప్పు వెతికే ముందు బిల్లు తగ్గించండి. 11 వేలల్లో దాదాపు 3 వేల డాలర్లు ప్రీమియం రుసుము. దాంతో 15 పనిదినాల్లో అమెరికా ఇమిగ్రేషన్ అధికారుల నుంచి స్పందన వస్తుంది. ఆ స్పందన అనుమతే కానక్కరలేదు, ఇంకా ఆధారాలు పంపమనే నోటీసైనా వాళ్లు గడువులో పని చేసినట్టే లెక్క. అనుమతి వచ్చే అవకాశాన్ని ఆ డబ్బు పెంచదు. తిరస్కరిస్తే ఫీజులు వెనక్కి రావు. పిటిషన్‌ను ఏడాది ముందే వేసుకోవచ్చు కనుక ఇంకా ఐదు నెలలున్న మీ అమ్మాయి ఈ నెలలోనే ఫైలు కదిలిస్తే మామూలు దారి చాలవచ్చు. అయితే ఒక ప్రమాదం ఉంది. పని అనుమతి ముగిసేనాటికి నిర్ణయం రాకపోతే ఆమె అక్కడ వేచి ఉండవచ్చు గానీ పనిచేయకూడదు. అందుకే ఇప్పుడు మామూలుగా వేసి, గడువు మీద పడితే అప్పుడు ప్రీమియానికి మారవచ్చు, ఆ వీలుంది. మూడో నెల చివర ఫైలు ఎక్కడుందో చూసి నిర్ణయించుకోండి.

పిటిషన్ వేసే సంస్థలో 25 మందికి మించి ఉద్యోగులు లేకపోతే ప్రభుత్వ రుసుములు కూడా సగానికి తగ్గుతాయి. మామూలుగా పిటిషన్ రుసుము 1,055 డాలర్లు, దానిపై అదనపు రుసుము 600. చిన్న సంస్థకు 530, 300. తేడా 825 డాలర్లు. లాయరు చెప్పిన 11 వేలు ఏ లెక్క ప్రకారమో అడగండి. నటుల సంఘాల నుంచి తీసుకోవలసిన అభిప్రాయ లేఖల ఖర్చు అందులో ఉందో లేదో కూడా కనుక్కోండి. సినిమా, టీవీ పనికైతే నటుల సంఘంతో పాటు నిర్మాతల పక్షపు సంస్థ లేఖ కూడా కావాలి. నాటక తరగతుల పనిని పిటిషన్‌లో చేర్చగలరా అన్నది మాత్రం అన్నిటికంటే ముందు అడగండి, మీ ఇంటి లెక్కంతా దానిమీదే ఉంది. లక్ష డాలర్ల రుసుము అని వార్తల్లో విన్నది హెచ్-1బీ సంగతి, దీనికి వర్తించదు.

ఇలా తగ్గిస్తే బిల్లు 7,200 డాలర్ల దగ్గరకు వస్తుంది. విరాళాలు పోగా 4,800. డాలరు 90 రూపాయలనుకుంటే 4 లక్షల 32 వేలు. దీనికి బ్యాంకులో బంగారం మీద అప్పు తీసుకోండి. 15 తులాల్లో సగం కూడా పెట్టవలసి రాదు. తొమ్మిది, పది శాతం వడ్డీ అనుకున్నా నెలకు 3,600 దాటదు. ఏడాదిలో తీర్చేయండి, తిరగరాయించుకుంటూ పోకండి. లాయరు ఫీజు వాయిదాల్లో తీసుకుంటే అప్పు ఇంకా తగ్గుతుంది. ప్రీమియం కట్టక తప్పకపోతే మిగిలిన బంగారం ఎలాగూ ఉంది. అద్దె కోసం ఇప్పుడే అప్పు చేయడం మానండి. పని అనుమతి ఉన్నంతకాలం ఆమె అద్దె ఆమే కట్టుకోగలదు, ఆ తర్వాత నిజంగా అవసరమైతే చూసుకోవడానికే ఎఫ్‌డీ ఉంచమన్నది.

పాలసీ సరెండర్ చేయకండి. చిట్టీ పాడదామన్న ఆలోచన ఉంటే అదీ వద్దు. విరాళాలు ఇచ్చినవారికి వీసా రాకపోతే ఆ డబ్బు ఏమవుతుందో అమ్మాయి ముందే రాసి చెప్పాలి. విదేశాలకు పంపే డబ్బు, ఈ ఆర్థిక సంవత్సరంలో పంపినవన్నీ కలిపి, 10 లక్షలు దాటితే పై మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది. ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు ఇరుక్కుపోతుంది. మీకు, మీ భార్యకు ఈ నెలలోనే ఆరోగ్య బీమా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. చదువు అప్పంత మొత్తానికి అమ్మాయి పేరున టర్మ్ పాలసీ ఉందో లేదో చూడండి.

పిటిషన్ తిరస్కరిస్తే రెండోసారి ఈ ఇంటి నుంచి డబ్బు వెళ్లదని అమ్మాయితో ఇప్పుడే మాట్లాడుకోండి. కష్టమైన మాటే. మూడో నెల చివర ప్రీమియం గురించి నిర్ణయించే రోజున మొదటిసారి చెప్పడం కంటే ఇప్పుడు చెప్పడం నయం.

అడ్వాన్సుగా తీసుకున్న 50 వేలు బంగారం అప్పు రాగానే మొదట తిరిగి ఇచ్చేయండి. వడ్డీ లెక్క ఆ రోజుతో ముగించి, రసీదు రాయించుకోండి. ‘నోటు ఎక్కడో పెట్టాను, తర్వాత చించేస్తాలే’ అంటే ఒప్పుకోవద్దు. సంతకం చేసిన కాగితం మీ చేతికి వచ్చాకే అక్కణ్నుంచి లేవండి.