కాళ్లతో తొక్కే పంపు చేసినా, ఎవరికి అమ్మాల?

ప్రశ్న: సార్, నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనా. ఊరికే కూర్చోలేక రెండేళ్లుగా ఇంటెనక రేకుల షెడ్డులో కాళ్లతో తొక్కే నీళ్ల పంపు ఒకటి చేసినా. కరెంటొద్దు డీజిలొద్దు, పన్నెండడుగుల కింద నుంచి గంటకి మూడు వేల లీటర్లు పోస్తా ఉండాది. ఖర్చు 6,500 అయింది. చూసినోళ్లంతా బాగుందంటారు గానీ కొంటామని ఒక్కరూ అనలా. కోయంబత్తూరు పంపుల కంపెనీలకి చూపించమంటా ఉండారు మా పిల్లోళ్లు. పోవాల్నా? పేటెంటు కావాల్నా?

జవాబు: అన్నా, మీ లెక్క వేసి చూసినా. 12 అడుగుల నుంచి గంటకి 3,000 లీటర్లంటే నీళ్లు పైకి తెచ్చే పని 30 వాట్ల దాకా, మామూలు మనిషి ఆపకుండా తొక్కగలిగేది 75 వాట్ల దాకా, కాబట్టి మీ మాట నిలబడుతుంది. కానీ కొనేవాడికి వాట్లు అక్కర్లేదు. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి వాచీ చూడండి, 4 నిమిషాల్లో నిండాల. మీరు తొక్కొద్దు, ఇంట్లో ఆడవాళ్లు గానీ పక్కింటి పిల్లోడు గానీ తొక్కాల, అరగంట తొక్కినాక ఇంకో డ్రమ్ము నింపి టైం రాసుకోవాల, ఎందుకంటే మొదటి డ్రమ్ము ఎవరైనా నింపేస్తారు.

చూసినోళ్లు ఎందుకు కొనలేదో నాకు తెలిసింది చెప్తా. మన జిల్లాలో బావులు చాలావరకు ఎండిపోయి అంతా బోరు సేద్యమే, నీళ్లేమో వందల అడుగుల లోతులో. పీల్చి లాగే పంపు ఎంత బాగా చేసినా 25 అడుగులు దాటితే కష్టం, నీళ్లని పైకి నెట్టేది బయటి గాలి ఒత్తిడే, దానికీ ఒక హద్దుంది. పైగా సేద్యానికి కరెంటు ఉచితం, మోటారు ఉన్నోడు కాళ్లెందుకు నొప్పెట్టుకుంటాడు? మీకు కావాల్సింది పంట కుంట ఉండి కరెంటు సర్వీసు లేని రైతు. ఆయన కొత్తగా మామిడి మొక్కలు పెట్టుంటాడు, ఎండాకాలం బిందెలతో మోస్తాంటాడు, లేదంటే ట్యాంకరు తోలించుకుంటాడు. వంద మొక్కలకి తలా 20 లీటర్లంటే 2,000 లీటర్లు, మీ పంపుకి 40 నిమిషాల పని. కుంట గట్టు మీదికి పైపు ఎక్కిస్తే ఆ ఎత్తు కూడా పన్నెండడుగుల్లో కలపాల, అది మాత్రం మర్చిపోవద్దు.

బంగ్లాదేశ్‌లో ఇట్లాంటి తొక్కుడు పంపే, వెదురు బొంగులు పెట్టి చేసింది, 1980ల నుంచి లక్షల్లో అమ్ముడుపోయింది. అక్కడ నీళ్లు పైనే దొరుకుతాయి, చిన్న చిన్న మడులు, ఆ ఊరి మేస్త్రీలే బిగించి ఇచ్చి రిపేరు చేసినారు. పెద్ద కంపెనీ కన్నా ఆ మేస్త్రీ ముఖ్యం అని నా గట్టి నమ్మకం. అందుకే మీ వాషరు సంగతి అడుగుతా ఉన్నా: కుంట నీళ్లంటే బురద, సన్న ఇసక. పిస్టన్ మీద మీరు వేసింది లారీ ట్యూబు కోసి చేసిన కప్పు వాషరైతే, ఆ ఇసక దాన్ని ఒక పక్కే కోసేస్తది, పాత సైకిలు పంపు వాషరు మాదిరి అంచు మడతబడి గాలి లాగుతది, నీళ్లు సగమే వస్తాయి. కుంట నీళ్లతోనే తొక్కి, ఎన్ని గంటలకి వాషరు పోతాదో కొలిచి, దాని స్పేరు పాకాల హార్డ్‌వేర్ షాపులో దొరికేట్టు సైజు మార్చండి. ధర చెప్పేటప్పుడు 6,500కి మీ కూలి, వెల్డింగు చేసేవాడి కూలి, షాపోడి కమీషను కలపాల. అప్పటికీ పెట్రోలుతో నడిచే చిన్న నీళ్ల పంపు ధర కన్నా బాగా తక్కువుండాల, లేకుంటే రైతు దానికే పోతాడు.

పేటెంటు మాట. తొక్కుడు పంపు పాతదే కాబట్టి మొత్తానికి రాదు, మీరు కొత్తగా పెట్టింది ఏ భాగమో ఆ ఒక్కదానికే అడగొచ్చు. మన రాష్ట్రానికి పేటెంటు ఆఫీసు చెన్నైలో ఉంది, ఆన్‌లైన్లో వేయొచ్చు, సొంత మనిషి పేరు మీదైతే అప్లికేషను ఫీజు 1,600. ముందు ప్రొవిజినల్, అంటే తాత్కాలిక అప్లికేషను వేస్తే పూర్తి వివరాలివ్వడానికి 12 నెలలు టైమిస్తారు. ఎగ్జిబిషన్లోనో మేళాలోనో పెట్టకముందే వెయ్యాల, పది మందీ చూసేసినాక కొత్తది అని నిరూపించుకోవడం కష్టం. ఇప్పటికే ఎవరెవరికి చూపించినారో తారీఖుల్తో రాసిపెట్టుకోండి. సొంతంగా వేయలేకపోతే గాంధీనగర్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ మీలాంటోళ్ల కోసమే ఉంది. హైదరాబాద్‌లోని పల్లె సృజన అనే సంస్థ వాళ్లకీ రాయొచ్చు, చీర నేతకి నూలు ఆసు పోసే యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారి లాంటోళ్లని వెలుగులోకి తెచ్చినోళ్లు వాళ్లు.

కోయంబత్తూరు ఇప్పుడే వద్దన్నా. వాళ్లు వేలల్లో మోటార్లు చేసేవాళ్లు, ఒక్క పంపు పట్టుకొని పోతే టీ ఇచ్చి పంపుతారు. ముందు మూడు పంపులు చేసి, ముగ్గురు కుంట రైతులకి ఒక ఎండాకాలం ఊరికే ఇవ్వండి, వాడకం రాసుకోమనండి. ఆ కాగితం పట్టుకొని తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి పోండి, అక్కడ సైంటిస్టులతో మాట్లాడొచ్చు. ఆ ముగ్గుర్లో ఒక్కరు డబ్బిచ్చి ఇంకోటి అడిగినా మీకు మార్కెట్ ఉన్నట్టే.

డ్రమ్ము లెక్కా, వాషరు ఎన్ని గంటలు నిలిచిందో రాసి పంపండి, ఆ రెండూ చూసి ధర సంగతి మాట్లాడుకుందాం.